దండెం మీద మండ్రగబ్బ

ఆ బుధవారం పొద్దున తిబుర్సియో వేసుకున్న పథకం చాలా చిన్నది. పచ్చిమిరప పచ్చడితో నాలుగు తోర్తియా రొట్టెలు లాగించి, మధ్యాహ్నం దాకా నిద్రపోయి, సాయంత్రం వ్యాయామశాలకు వెళ్ళి కాసేపు కింద పడటం సాధన చేసుకుని రావడం. కుస్తీ బతుకులో పడగొట్టడం కన్నా పడటమే పెద్ద చదువు. అతని భార్య ఒతీలియా పథకం ఇంకా చిన్నది. మొగుడి ముసుగు ఆరబెట్టాలి. ఉపద్రవాలన్నీ ఇలాంటి చిన్న పనుల దగ్గరే మొదలవుతాయి, కావాలంటే మీ ఇంట్లో చూసుకోండి.

మెక్సికో నగరంలో ఆదివారం కుస్తీ పోటీలు చూడటానికి అరీనాకు వెళ్ళే ఎవర్నడిగినా మండ్రగబ్బ గురించి చెబుతారు. నల్ల ముసుగు, నుదుటి మీద పైకి లేచిన ఎర్రటి కొండి. ఎదుటివాడి కళ్ళలో నిమ్మరసం కొడతాడు. రిఫరీ అటు తిరగగానే తన్నకూడని చోట తన్నుతాడు. ఓడిపోయేటట్టుంటే రింగు కింద దూరి, తన ముసుగే ఇంకొక అమాయకుడికి తొడిగి పైకి తోసి, దెబ్బలన్నీ వాడికి తగిలించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ముసలమ్మలు చర్చిలో ప్రార్థన ముగించుకుని తిన్నగా అరీనాకు వచ్చి, అదే నోటితో అతణ్ణి తిట్టిపోసేవారు. తిట్లు తగ్గిన ఆదివారం అతనికి అన్నం సయించేది కాదు.

ఆ మండ్రగబ్బే మన తిబుర్సియో. ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. భార్య ఒతీలియా, అరీనా నడిపే దోన్ రొసెందో, మూడోవాడు వేగుచుక్క. ఈ వేగుచుక్క తెల్ల ముసుగు వేసుకుని ధర్మం తరఫున పోరాడే కుస్తీ వీరుడు. రింగులో మండ్రగబ్బకు బద్ధశత్రువు, బయట ప్రాణస్నేహితుడు. నాలుగోవాడికి తెలిసిందో, ముసుగు వీరుడి పని అయిపోయినట్టే. అందులోనూ సెప్టెంబరులో ఈ ఇద్దరికీ ముసుగు పందెం ఖాయమైంది. ఓడినవాడు జనం మధ్యలో ముసుగు విప్పి మొహం చూపించాలి, పేరు చెప్పాలి. ఊళ్ళో ఏ గోడ చూసినా ఆ పోస్టరే. అంతకుముందే మొహం బయటపడితే చూడటానికి వచ్చేదెవరు? పందెమూ ఉండదు, మండ్రగబ్బా ఉండడు, ఇరవై ఏళ్ళ ఒళ్ళునొప్పులు మాత్రం మిగులుతాయి.

అందుకని తాను పదిమందితో కలిసి కాపురముండే లోగిలిలో తిబుర్సియో ఒక టైర్ల గోదాముకి రాత్రి కాపలాదారు. వదులు స్వెట్టర్లు వేసుకుని, భుజాలు ముడుచుకుని, గోడ పక్క నుంచి నడిచేవాడు. కుక్క మొరిగితే పక్కకు తప్పుకునేవాడు. కూరల సంచి తనే మోసేవాడు. సోమవారం పొద్దున మూతి వాచి, నడుం పట్టేసి కనబడేసరికి, లోగిలి మొత్తం ఏకగ్రీవంగా ఒక అభిప్రాయానికి వచ్చింది: పెళ్ళాం కొడుతుంది. ఒతీలియా ఆ అపవాదును కూడా ఏళ్ళ తరబడి నోరు మూసుకుని మోసింది.

ముసుగును ఆవిడ ఎప్పుడూ వంటింట్లోనే, పొయ్యి వెనక ఆరేసేది. కానీ ఆ వారమంతా ముసురు. ముసుగు ఆరలేదు సరికదా, మక్కి కంపు కొట్టడం మొదలుపెట్టింది. బుధవారం కాస్త ఎండ మొహం చూపించగానే ఆవిడ దాన్ని మేడ మీద దండేనికి క్లిప్పులతో తగిలించి, పైన ఒక దిండు గలీబు కప్పి వచ్చింది. గాలికి గలీబు ఎగిరిపోయింది. ముసుగు మాత్రం, ఎర్ర కొండి ఎత్తుకుని, ఊరందరినీ చూస్తూ అక్కడే ఊగింది.

సరిగ్గా అప్పుడే దోన్యా చోలే తన సీమకోళ్ళకు మేత వేయడానికి మేడెక్కింది. ఆవిడ లోగిలి గేటు కాపలా. ఆదివారం అరీనాలో మొదటి వరుస కుర్చీ కూడా ఆవిడదే. ముసుగును చూసి శిలువ గుర్తు వేసుకుంది, తరవాత క్లిప్పులు తీసింది, తరవాత నీళ్ళ తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతున్న ఒతీలియా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమిటే ఇది?"

ఒతీలియా గుండె జారి సబ్బునీళ్ళలో పడింది. "అదా దోన్యా... పిల్లలాడుకునేది. అరీనా బయట అమ్ముతారు చూడండి..."

"నీకు పిల్లలెక్కడున్నారే?"

"మా అక్క పిల్లలకని..."

"నా దగ్గరా నీ వేషాలు! పోయిన ఆదివారం వేగుచుక్క పట్టి లాగితే ఎడం చెవి దగ్గర చిరిగింది. నా కళ్ళ ముందు చిరిగింది. ఇదిగో, ఇక్కడే. ఈ ఆకుపచ్చ దారంతో కుట్టిందెవరు?"

"నేనేనండి. కుట్టుపనికిచ్చారు."

"ఎవరిచ్చారు?"

"ఆయనే. మండ్రగబ్బగారు."

దోన్యా చోలే కళ్ళు చిన్నవయ్యాయి. "ఎప్పుడొచ్చాడు? పొద్దస్తమానం గేటు దగ్గర కూచునేది నేను. నాకు తెలీకుండా ఈగ కూడా దూరదు."

"పగలు కాదండి. రాత్రిపూట..."

"రాత్రి తాళంచెవి నా బొడ్లో ఉంటుంది."

"మేడ మీద నుంచి..." అనేసి, ఏమన్నదో అర్థమై, ఒతీలియా నాలుక కరుచుకుంది. నాలుక అప్పటికే చేయాల్సిన పని చేసేసింది.

"మీ ఆయన గోదాములో కాపలా కాస్తుంటే," అంది దోన్యా చోలే, ఒక్కొక్క మాటే నెమ్మదిగా, "రాత్రిపూట, మేడ మీద నుంచి, కుట్టుపనికి వస్తాడా ఆ మహానుభావుడు!" ముసుగును తొట్టి గట్టు మీద పడేసి పోయింది.

మనలో మాట, ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది? తిబుర్సియోనే మండ్రగబ్బ అనుకోవడానికి మతి పోవాలి. కుక్కకు దారి ఇచ్చేవాడెక్కడ, రిఫరీ చెవి కొరికేవాడెక్కడ!

మధ్యాహ్నానికి సంగతి లోగిలి దాటింది. సాయంత్రానికి వీధి దాటింది. పెళ్ళాం కొడుతుందన్న పాత మాట కొట్టేసి కొత్తది రాసుకున్నారు: కొట్టేది పెళ్ళాం కాదు, పెళ్ళాం ప్రియుడు. నిద్ర లేచి బయటికొచ్చిన తిబుర్సియోకి లోకమంతా ఎందుకో మంచిదైపోయినట్టు కనబడింది. ఎదురింటివాళ్ళు గిన్నెడు మోలే కూర ఇచ్చారు. ఒకావిడ ఆకుల్లో చుట్టి ఉడికించిన వేడి వేడి తమాలెలు చేతిలో పెట్టి, తల నిమిరి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మాంసం కొట్టు దోన్ ఎపిఫానియో మంచి తొడ ముక్క కోసి ఇచ్చి, "తిను నాయనా, ఒంట్లో బలముంటేనే మగాడు ఏదైనా తట్టుకోగలడు" అన్నాడు. తిబుర్సియో అందరికీ దండాలు పెట్టి, వచ్చిన తిండి పట్టుకుని సంబరంగా ఇల్లు చేరాడు.

ఇంట్లో ఒతీలియా మూల కూర్చుని ఏడుస్తోంది. సంగతి విని అతను ముందు పడీ పడీ నవ్వాడు. "అయితే నా పెళ్ళాం నాతోనే లేచిపోయిందన్నమాట!"

"నవ్వు, బాగా నవ్వు. తొట్టి దగ్గర నేను రాగానే ఆడాళ్ళంతా బకెట్లు తీసుకుని లేచి వెళ్ళిపోయారు. చర్చి ఫాదరు నన్ను చూసి అవతలి పక్కకి వెళ్ళిపోయాడు. వెళ్ళి చెప్పు నిజం."

"చెప్పనా? నీకేం పిచ్చా? ఇప్పుడు చెబితే సెప్టెంబరు పందెం గతేం కాను? ఇరవై ఏళ్ళు దాచిందంతా బూడిదలో పోసినట్టే కదే! కొన్నాళ్ళు ఓపిక పట్టు."

ఒతీలియా ఏడుపాపి అతని వంక చూసింది. "నీ మొహం దాచుకోవడానికి నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

అతను తేలు కుట్టిన దొంగలా కూర్చుని తమాలె ఒలుచుకున్నాడు. లోపల మాత్రం సిగ్గుగానే ఉంది.

గురువారం దోన్ ఎపిఫానియో లోగిలి మగవాళ్ళందరినీ వెంటేసుకుని వచ్చాడు. లోపలికి రాగానే తలుపేసి, తిబుర్సియో భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చెప్పకు. మాకన్నీ తెలుసు. ఈ ఆదివారం నువ్వు మాతో అరీనాకొస్తున్నావు. మొదటి వరుస. ఆ కుక్క రింగులోకి రాగానే లేచి నిలబడి, వాడి మొహాన ఉమ్మెయ్యి. మిగతాది మేం చూసుకుంటాం."

"ఆదివారం నాకు డ్యూటీ ఉందే!"

"మా బావమరిది వెళ్ళి నీ గోదాము కాపలా కాస్తాడు. ఎక్కడది? ఏ వీధి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లేని గోదాముకి వీధి ఎక్కడ నుంచి తేవాలి? "అక్కర్లేదులే దోన్ ఎపిఫానియో, నేనే సెలవు పెడతాను" అన్నాడు తిబుర్సియో నీరసంగా. మగవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు అతణ్ణి కావలించుకున్నారు. రెండు వారాల క్రితం వేగుచుక్క విరగ్గొట్టినంత పని చేసిన పక్కటెముక మీదే ప్రతివాడూ సానుభూతిగా తట్టాడు.

వ్యాయామశాలలో వేగుచుక్క సంగతంతా విని ముసుగు లోపల చాలాసేపు నవ్వాడు. తరవాత సలహా చెప్పాడు. "దీనికింత గాభరా ఎందుకురా? వాళ్ళతో వచ్చి కూచో. మన ఆట ముందర కడుపు నొప్పని లేచి వెళ్ళిపో. స్వెట్టరు కింద ఆట బట్టలు, జేబులో ముసుగు. ఆట అయ్యాక మళ్ళీ వచ్చి కూచో. మొగుడూ ఉన్నాడు, మండ్రగబ్బా ఉన్నాడు, ఇంకేం కావాలి?"

"ఉమ్మడం మాటేమిటి?"

"అది వాళ్ళు చూసుకుంటారులే!"

ఆదివారం లోగిలి మొత్తం బస్సెక్కింది. పెళ్ళివారిలా తినుబండారాలు కట్టుకున్నారు. నిమ్మకాయలూ నారింజ తొక్కలూ విడిగా సంచుల్లో పెట్టుకున్నారు, అవి తినడానికి కాదు. ఒతీలియాని ఎవరూ పిలవలేదు. ఆవిడ తనే వచ్చి, వెనకాల పై మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. మొగుడు ఏం చేస్తాడో చూడాలని వచ్చింది. తన్నులు తింటే ఇంటికి తీసుకెళ్ళేది ఎటూ తానేనని కూడా వచ్చింది.

చివరి ఆట పిలిచేముందు తిబుర్సియో పొట్ట పట్టుకుని లేచాడు. "కడుపులో తిప్పుతోంది. ఇప్పుడే వస్తా."

"భయం! పాపం భయం పట్టుకుంది పిల్లాడికి," అంది దోన్యా చోలే. "వెళ్ళిరా నాయనా. త్వరగా రా. నువ్వొచ్చేదాకా మేం ఆ సచ్చినోడి సంగతి చూస్తుంటాం."

మాట నిలబెట్టుకున్నారు. మండ్రగబ్బ తెర తోసుకుని రాగానే సంచులన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. తిట్లకు అలవాటుపడ్డ అతను కూడా ఆ ఆదివారం తిట్లకు తట్టుకోలేకపోయాడు. తన ఇంటి గుట్టు, తన మంచం, తన పెళ్ళాం పేరు, అన్నీ అందులో ఉన్నాయి. మనసు చెదిరింది. వేగుచుక్క ఎడమకు విసిరితే కుడికి పడ్డాడు. తాళ్ళకు తగిలి వెనక్కి రావాల్సినవాడు తాళ్ళకే చిక్కుకున్నాడు. "ఏమైందిరా నీకు, సరిగా పడు!" అని వేగుచుక్క చెవిలో కసిరాడు. మొదటి రౌండు అలా ముగిసింది.

ఈలోగా మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దోన్ ఎపిఫానియో మరుగుదొడ్డికి మనుషుల్ని పంపాడు. వాళ్ళు ప్రతి తలుపూ కొట్టి చూసి, ఒట్టి స్వెట్టరు ఒకటి పట్టుకుని పరిగెత్తుకుని వచ్చారు.

"మనిషి లేడు! ఇది మేకుకి వేలాడుతోంది!"

"ఓరి దేవుడో!" దోన్యా చోలే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "మాయం చేశాడు! ఆ చండాలుడు మనవాణ్ణి మాయం చేసేశాడు!" ఆవిడ గొడుగు తీసుకుని రింగు అంచు దాకా వెళ్ళి, అందిన కాలి మీదల్లా కొట్టడం మొదలుపెట్టింది. "చెప్పరా! మా తిబుర్సియోని ఏం చేశావురా? పెళ్ళాన్ని తీసుకున్నావు, చాల్లేదా?"

వెనక ఎవరో ఒతీలియాని గుర్తుపట్టారు. "అదుగో, అదే!" జనం ఆవిడ వైపు తిరిగారు. ఎవరో బీరు గ్లాసు ఆవిడ మీద కుమ్మరించారు. ఇద్దరాడవాళ్ళు రెక్కలు పట్టుకుని మెట్ల మీద నుంచి రింగు దాకా లాక్కొచ్చారు. "చూడవే, నీ మొగుడి ఉసురు పోసుకున్నావు, కళ్ళారా చూడు!" తడిసిన జుట్టులోంచి బీరు కారుతుంటే, ఒతీలియా తలెత్తి రింగులో ఉన్న నల్ల ముసుగును చూసింది. నిజం చెప్పమని అడగలేదు. ఆవిడ నోరు విప్పితే అతని ఇరవై ఏళ్ళూ పోతాయి, ఆ సంగతి ఆవిడకు అతని కన్నా బాగా తెలుసు.

మండ్రగబ్బ ఆగిపోయాడు. వేగుచుక్క మెడ మీద వేసిన చెయ్యి తీసేశాడు. సెప్టెంబరు గుర్తొచ్చింది, పోస్టర్లు గుర్తొచ్చాయి, అయినా చెయ్యి తన మెడ వెనక్కి వెళ్ళి ముసుగు తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. "ఒరే, వద్దురా!" అన్నాడు వేగుచుక్క. "వద్దురా, చచ్చిపోతావు!" అతను వినలేదు. ముడి ఊడింది. ముసుగు పైకి లాగి, తీసి, తన కాళ్ళ దగ్గర పడేశాడు.

అరీనాలో ఈగ వాలితే వినబడేటంత నిశ్శబ్దం.

"నేనే," అన్నాడు తిబుర్సియో. "మండ్రగబ్బని నేనే. ఎప్పుడూ నేనే. ఆవిడ నా భార్య. మా ఇంటికి ఎవడూ రాలేదు. ఆవిణ్ణి ముట్టుకోకండి."

అప్పుడు దోన్యా చోలే గుండె బాదుకుని ఒక్క కేక పెట్టింది.

"అయ్యో, అయ్యో, అయ్యో! దొడ్డికి వెళ్ళిన అమాయకుణ్ణి పట్టుకుని ముసుగు తొడిగించాడర్రా! తను దాక్కుని, మన దెబ్బలన్నీ వీడికి తినిపించాడు!"

వేలమందికి విషయం ఒక్కసారిగా అర్థమైంది. అవును మరి, మండ్రగబ్బకు ఇది పాత మోసమే కదా! అందుకే ఇవాళ వాడికి పడటం కూడా చేత కాలేదు! అందుకే స్వెట్టరు మేకుకి ఉంది! "పిరికిపందా, బయటికి రారా!" అని అరీనా దద్దరిల్లింది. దోన్ ఎపిఫానియో నలుగురిని వెంటేసుకుని అసలు మండ్రగబ్బ కోసం రింగు కింద దూరాడు.

"కాదు దోన్యా, నేనేనండి! గ్వాదలూపే అమ్మవారి మీద ఒట్టు, నేనే!"

"పాపం, దెబ్బలకి మతి పోయింది," అంది దోన్యా చోలే, తాను గొడుగుతో కొట్టిన మోకాలినే నిమురుతూ.

"ఆయన చెప్పేది నిజం!" ఈసారి ఒతీలియా ఉండబట్టలేక అరిచింది. "మండ్రగబ్బ మా ఆయనే!"

"విన్నారా దాని మాట! ఇంకా ఆ వెధవనే వెనకేసుకొస్తోంది!"

వేగుచుక్క అందరికన్నా ముందు తేరుకున్నాడు. తిబుర్సియో చెయ్యి పట్టి పైకెత్తి, మైకు లాక్కున్నాడు. "మండ్రగబ్బా! ఓ అమాయకుడి వెనక దాక్కుంటావురా! వచ్చే ఆదివారం రా, నీ సంగతి తేలుస్తాను!" అని గర్జించాడు. పక్కకు తిరిగి, "నోరు మూసుకుని మూర్ఛపోరా, వెధవా" అని గొణిగాడు. తిబుర్సియో ఇరవై ఏళ్ళ అనుభవమంతా చూపించి పడిపోయాడు. ఆ రోజు అతను సరిగ్గా పడింది అదొక్కసారే. స్ట్రెచరు మీద తీసుకెళుతుంటే ఆడవాళ్ళు పువ్వులు విసిరారు.

లోపలి గదిలో దోన్ రొసెందో అతని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. "ముసుగు తీస్తుంటే నా ప్రాణం పోయిందిరా. తీరా తీశాక ఎవడూ నమ్మలేదు! ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవర్నడిగినా, మండ్రగబ్బ కానివాడు ఒక్కడున్నాడంటే అది నువ్వేనని ఒట్టేసి చెబుతారు. వచ్చే ఆదివారానికి సీట్లన్నీ అయిపోయాయి!"

ఇంటికొచ్చాక ఒతీలియా వేడి ఉప్పు మూటతో అతని మోకాలికి కాపడం పెట్టింది.

"తీశానే," అన్నాడతను చిన్నబోయి. "నిజంగానే తీశాను. నమ్మకపోతే నేనేం చేసేది?"

"చూశాను." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కోసం ఇరవై ఏళ్ళదీ తీసి అక్కడ పారేశావు. ఎవరూ ఏరుకోలేదు, అది నీ అదృష్టం. నాకు మాత్రం అది చాలు." మూట గట్టిగా అదిమి, "ఉతికేది మాత్రం ఇక నుంచి నువ్వే" అంది.

తరవాతి ఆదివారం మండ్రగబ్బ రింగులోకి వస్తే, తిట్లు వీధి చివరి దాకా వినబడ్డాయి. లోగిలిలో తిబుర్సియో సాధువైపోయాడు. అలాంటి భార్యని వదలకుండా ఏలుకుంటున్నాడని చర్చిలో ఫాదరు అతణ్ణి ఉదాహరణగా చెప్పాడు. తిండి వస్తూనే ఉంది. ఒతీలియాతో మాత్రం తొట్టి దగ్గర ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆ మౌనం దోన్యా చోలేకే ముందు భరించరానిదైంది. ఒక పొద్దున అటూ ఇటూ చూసి, బకెట్టు దగ్గరికి జరిపి, గొంతు తగ్గించింది.

"ఒక్క మాటడుగుతాను, నిజం చెప్పు. ఇద్దర్నీ ఎరిగినదానివి. అంత మంచి మొగుణ్ణి పెట్టుకుని... ఏం చూశావే ఆ మండ్రగబ్బలో?"

ఒతీలియా చొక్కా పిండి, దులిపి, బుట్టలో వేసుకుంది.

"ఏమీ లేదు దోన్యా. మా ఆయన కన్నా వీసమెత్తు కూడా ఎక్కువ కాదు."